హీలియం గురువు కావలెను

"సముద్రం మీకు ఏ వైపు పడుతుంది సార్?"

అండమాన్‌కి ఫోన్ చేసినా, గోవాకి చేసినా, పుదుచ్చేరికి చేసినా ముందు ఇదే అడుగుతారు. లక్సెట్టిపేటకి సముద్రం ఏ వైపూ పడదండీ, గోదావరి పడుతుంది అంటాను. అవతల కాసేపు చప్పుడుండదు. తర్వాత, ఆసుపత్రిలో ఉన్నవాణ్ణి పలకరించే గొంతుతో, "మరి అక్కడెందుకున్నారు సార్?" అంటారు. ఎందుకుంటానయ్యా, బదిలీ అయింది కాబట్టి! బ్యాంకు ఉద్యోగి ఎక్కడ కాపురముండాలో తేల్చే పెద్దలు వాడి సరదాల జాబితా తెప్పించుకుని చూడరు కదా.

విశాఖలో ఉన్నన్నాళ్లూ రుషికొండ దగ్గర స్కూబా నేర్చుకుని నైట్రాక్స్ దాకా వచ్చాను. అంటే మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ని 32కో 36కో పెంచి, ఆ మేరకు నత్రజని తగ్గించి పీల్చడం. 32 శాతం సిలిండర్‌తో 33 మీటర్లు దాటామంటే ఆ ఆక్సిజనే విషంలా పనిచేసే ప్రమాదం ఉంది, నీళ్లలోనే ఫిట్స్ రావచ్చు. పోనీ మామూలు గాలితో దిగుదామంటే, ముప్పై మీటర్లు దాటాక నత్రజని మత్తెక్కిస్తుంది. ఆ మత్తులో మనిషి చేపలకు నమస్కారం పెడతాడు, తన గాలి ఎంత మిగిలిందో మాత్రం చూసుకోడు. అందుకని ఇంకా కిందికి పోయేవాళ్లు ఆ రెంటినీ తగ్గించి, ఖాళీ అయిన చోట హీలియం నింపుకుంటారు. దాని పేరు ట్రైమిక్స్. ఎంత నింపాలి, ఏ లోతులో ఏ సిలిండర్ నోట్లో పెట్టుకోవాలి, పైకొచ్చేటప్పుడు ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలి, ఇవన్నీ పక్కన గురువు ఉండి నేర్పాలి. తప్పితే సెప్టెంబరులో మళ్లీ రాసుకునే పరీక్ష కాదు.

గురువులు దేశం మొత్తమ్మీద కొద్దిమందే. ఉన్నవాళ్లు నీళ్లున్న చోటే ఉన్నారు. "పదిహేను రోజులు సెలవు పెట్టి వచ్చేయండి సార్" అంటారు తేలిగ్గా. సెలవు మాట మా ఆఫీసులో ఎత్తి చూడమనండి, అరవై మీటర్ల లోతు ఏమిటో భూమ్మీదే తెలుస్తుంది.

పోనీ ఊళ్లో నా బాధ చెప్పుకుందామా అంటే దానికీ లేదు. వానాకాలంలో ఇక్కడ రైతులు యూరియా కోసం తెల్లవారకముందే వచ్చి చెప్పులు క్యూలో పెడతారు. గోదావరి అవతల రామగుండంలో గాలిలోంచి నత్రజని లాగి యూరియా చేసే ఫ్యాక్టరీయే ఉంది. ఇంతమంది నత్రజని కోసం పడిగాపులు పడుతుంటే నేనొక్కణ్ణే వద్దని తిరుగుతున్నాను. పంట రుణం రెన్యువల్‌కి వచ్చిన ఒక పెద్దాయనకు ఈ సంగతి విడమర్చి చెప్తే, ఓపిగ్గా అంతా విని, "మీకు అద్దంటే మీ వాటా నా పేరు మీద రాయుండ్రి సార్" అన్నాడు.

అసలు ఈ విద్యకీ బొగ్గుబావులకీ దగ్గర చుట్టరికం ఉంది. జాన్ స్కాట్ హాల్డేన్ అని ఒక బ్రిటిష్ శాస్త్రవేత్త. గనుల్లో విషవాయువు పసిగట్టడానికి చిన్న పిట్టల్ని పంజరంలో పెట్టుకుని దిగమన్నది ఆయనే. అదే మనిషి 1908లో, డైవర్ పైకొచ్చేటప్పుడు ఎక్కడెంతసేపు ఆగాలో బ్రిటిష్ నౌకాదళానికి పట్టికలు కట్టిచ్చాడు. ముందుగా వాటిని మేకల మీద పరీక్షించాడు. ఉక్కు గదిలో మేకల్ని నిలబెట్టి, ఒత్తిడి పెంచి, మళ్లీ తగ్గించి చూశాడు. గబగబా తగ్గిస్తే ఒంట్లో కరిగిన నత్రజని బుడగలు కట్టి కీళ్లు పట్టేస్తాయి. మేక నోరు తెరిచి చెప్పలేదు కనక ముందుకాలు ఒకటి ఎత్తి పట్టుకుంటుంది. కాలెత్తితే లెక్క తప్పు, ఎత్తకపోతే ఒప్పు.

ఇది చదివినప్పట్నుంచీ నాకు లక్సెట్టిపేటలో మనశ్శాంతి లేదు. మా సందునిండా మేకలే. పొద్దున గేటు తీసేసరికి ఒకటి ముందుకాలు ఎత్తి నిలబడి ఉంటుంది. దీన్ని ఎంత లోతు నుంచి లేపారో, ఎక్కడ ఆపకుండా లాక్కొచ్చారో అని నేను గుండె పట్టుకుని చూస్తాను. అదేమో మా గోడవతల బొప్పాయి ఆకు అందుకోవడానికి ఎత్తింది. ఆకు తిని, కాలు దించి, నా వైపు ఒక చూపు చూసి పోతుంది. ఈ ప్రాంతంలో మేకలు చేసే సేవ తక్కువదేం కాదు. పోశమ్మకి, ఎల్లమ్మకి, మొక్కులకి, దావతులకి, అల్లుడొచ్చిన ఆదివారాలకి అవే ఆధారం. కాని విజ్ఞానశాస్త్రం కోసం కాలెత్తే అవకాశం ఇంగ్లండు మేకలకే దక్కింది. నా మణికట్టు మీది కంప్యూటర్ ఇప్పుడు వేరే లెక్కలు కడుతుందనుకోండి, అయినా "ఆరు మీటర్ల దగ్గర ఆగు" అని అది ఆజ్ఞాపించిన ప్రతిసారీ దాని వెనకాల నాకొక మేక కనిపిస్తుంది. నా ప్రాణం ఒక మేక మోకాలికి రుణపడి ఉందని మా ఆవిడతో అంటే, "అయితే ఈ ఆదివారం మటన్ తేరా?" అంది. తేకపోవడమేమిటి? కృతజ్ఞత వేరు, కూర వేరు.

ఆ హాల్డేన్ కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ మేకల దాకా కూడా పోలేదు, గదిలో తనే కూర్చున్నాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రకరకాల వాయువులు పీల్చి, మూర్ఛలొచ్చి, వెన్నుపూస దెబ్బతీసుకున్నాడు. 1957లో ఇంగ్లండు వదిలేసి మన దేశానికి మకాం మార్చాడు, పౌరసత్వమూ తీసుకున్నాడు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. దేహాన్ని మాత్రం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిపెట్టాడు. నా గ్రహబలం చూశారా! గ్యాసు గురువుల్లో అసలైనవాడు తెలుగు నేలకి వచ్చాడు, నాకు పాఠం చెప్పే స్థితిలో రాలేదు.

హీలియం సంగతీ అంతే. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ వచ్చి దిగింది మన గుంటూరులో. ఆ ఏడాది సూర్యుడి వెలుగుని పరిశీలించిన వాళ్లకే దాని జాడ చిక్కింది. ఇప్పుడు కొనాలంటే విదేశాల నుంచి రావాలి.

చివరికి ఎవరో చెప్తే శ్రీరాంపూర్ పోయి, సింగరేణి రెస్క్యూ దళంలో చేసి రిటైరైన ఒకాయన్ని కలిశాను. వీపున ఆక్సిజన్ పరికరం కట్టుకుని, వదిలిన ఊపిరినే లోపల శుభ్రం చేసుకుని మళ్లీ పీల్చుకుంటూ, పొగ కమ్మిన గనుల్లో నడిచిన మనిషి. డైవింగులో రీబ్రీదర్ అనేదీ దాదాపు అదే కిటుకు. చాయ్ ఇప్పించి, నేను చెప్పిందంతా విని, "కిందేమున్నది సారు, బొగ్గా?" అన్నాడు.

"కాదండీ, పాత ఓడలు, చేపలు."

"మేం దిగితే మాకు జీతమిచ్చిండ్రు. మీరే ఎదురు పైసలు గట్టి దిగుతరా?"

దీనికి జవాబు ఏ ఇన్‌స్ట్రక్టరూ నేర్పలేదు.

ఇక మొన్న గోదావరి ఒడ్డున చేపలు పట్టే ఒకాయనతో మాట కలిసింది. చుట్టుపక్కల ఎవరు మునిగినా పోలీసులు కబురుపెట్టేది ఆయనకే. ఊపిరి బిగబట్టి దిగి, ఏమీ కనపడని నీళ్లలో చేతులతో తడుముతూ వెతుకుతాడు. డైవింగ్ సర్టిఫికెట్ కార్డు లేదు, కంప్యూటర్ లేదు. నేర్పిందెవరని అడిగితే నన్ను వింతగా చూశాడు. నా ఫోన్ల పురాణం ఆయన ముందు విప్పబుద్ధి కాలేదు.

ఆయనది కర్ణమామిడి. ఎల్లంపల్లి ప్రాజెక్టులో 20 టీఎంసీల నీళ్లు నిలపడానికి మునిగిన ఊళ్లలో అదొకటి. "గా డ్రెస్సేసుకొని దిగితె మా ఇల్లు కనవడ్తదా సార్?" అన్నాడు. బురదనీళ్లలో చాచిన చెయ్యే కనపడదని చెప్పాను. అంత లోతుకి హీలియం కూడా అక్కర్లేదు, మామూలు గాలి చాలు, ఆ మాట మాత్రం చెప్పలేదు. ఆయన వాకిలి ఎటుండేదో, వేపచెట్టు ఎక్కడో, పక్కింట్లో ఎవరుండేవాళ్లో నీళ్లకేసి వేలు చూపిస్తూ వరసగా చెప్పుకుపోయాడు. మునిగిన వాటిని చూడ్డానికి ఇన్నాళ్లూ ఎంతెంతో డబ్బు పోశాను. అవి ఎవరివో ఎప్పుడూ అడగలేదు. పక్కన కూర్చుని, ఇది నాది అని చెప్పిన మనిషి ఈయనే మొదలు.

కాసేపయ్యాక ఆయనే, "ఇల్లు పోనీ సార్. మా అవ్వ రోలు ఇడిసిపెట్టొచ్చినం. మోసుడు గాలె. తియ్యొస్తదా?" అన్నాడు.

తియ్యొచ్చు. సంచి కట్టి అందులోకి గాలి వదిలితే, లీటరుకి దాదాపు కిలో చొప్పున బరువు లేస్తుంది. పైగా నీళ్లలో రాయి బరువు కొంత తగ్గుతుంది కూడా. ఇసుకలో పుల్లతో లెక్క వేసి చూపించేసరికి ఆయన లేచి నిలబడ్డాడు.

"అయితె ఎప్పుడు తీద్దాం సార్?"

ఆ కోర్సు వేరే. దానికీ ఇన్‌స్ట్రక్టర్ కావాలి.