అంగీకి బొట్టు

కూరలో పసుపు వేసే వేళకు నన్ను వంటింటి దరిదాపులకు రానివ్వరు. చేయి తిరగనివాడినని కాదు, నోరు మరీ తిరిగినవాడినని. పసుపులోని కర్కుమిన్‌కు ఆ పేరెట్లా వచ్చిందో చెప్పనిదే నాకు ముద్ద దిగదు.

అరబ్బీలో ‘కుర్కుమ్’ అంటే కుంకుమపువ్వు. రంగు చూసి పసుపునూ అట్లాగే పిలిచారు. ఆ మాట లాటిన్‌లోకి పోయి ‘కుర్కుమా’ అయితే, 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ మన మొక్కకు అదే పేరు రాసేశాడు. 1815లో వోగెల్, పెల్లెటియర్ అనే శాస్త్రవేత్తలు దుంపలోంచి పచ్చని పదార్థం తీసి, మొక్క పేరుకే ‘ఇన్’ అని తోక తగిలించారు. కోరుట్ల, మెట్‌పల్లి రైతులు తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసే కొమ్ముకు కుంకుమపువ్వు పేరన్నమాట! పేరు అంటింది గాని ధర అంటలేదు. మనమేం తక్కువ తినలేదు. సంస్కృతంలో కుంకుమ అంటే ఆ పువ్వే. పసుపులో సున్నం కలిపి ఎర్రబరిచిన పొడికి ఆ పేరు పెట్టి, నొసట దిద్దుకుంటున్నాం.

ఇదంతా పప్పన్నం ముందు చెబుతూ చేతులు తిప్పితే ఏమవుతుంది? సిరిసిల్ల తెల్లబట్టతో కుట్టించుకున్న కొత్త అంగీ మీద పప్పు పడింది. మా ఆవిడ లేచేలోపే నేను సబ్బు రుద్దాను. పచ్చమరక ఎర్రగా తిరిగింది. నా సంతోషం చూడాలి!

“చూసినవా? సబ్బులో క్షారం ఉంటది. కుంకుమ ఎర్రబడేది గిట్లనే!”

“అయితే అంగీకి బొట్టు పెట్టినవన్నట్టు,” అంది.

మా అవ్వ మారుమాట్లాడకుండా అంగీని జాడించి ఎండలో వేసింది. మరక వెలిసిపోతుంటే, వెలుతురుకు కర్కుమిన్ విరిగిపోతుందని దండెం కింద నిలబడి చెప్పబోయాను.

“జర పక్కకు జరుగు బిడ్డా, ఎండ తగలనియ్యి,” అంది.

రాత్రి మళ్లీ ఎత్తుకున్నాను. కర్కుమిన్ నీళ్లలో కరగదు, తిన్నదాంట్లో చాలావరకు ఒంటబట్టదు, మిరియం తోడుంటే కొంత నయం అని.

“నీ ముచ్చట్లూ గంతే. ఎవ్వరికీ ఒంటబట్టయి,” అని మా ఆవిడ అటు తిరిగి పడుకుంది.

తెల్లారి చారులో మిరియం దండిగా పడింది. మిరియంలోని పైపరిన్‌కు మన ‘పిప్పలి’ మాటే మూలమని మొదలుపెట్టాను గాని, దగ్గు ముగించనివ్వలేదు.