ఇంట గెలవని ఇంజను

ఆకివీడులో చేపల లారీ ఆగిందంటే దానితోపాటు చాలామంది గుండెలు ఆగుతాయి. కొల్లేటి చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి ఐసు పొరల మధ్య హౌరా దాకా వెయ్యి కిలోమీటర్ల పైమాటే ప్రయాణం చెయ్యాలి. ఐసుకి మొహమాటం లేదు, కరిగిపోతుంది. అందుకే సీజను ముంచుకొచ్చేలోగా, బోరుకొచ్చిన పాత ఆరు సిలిండర్ల బండి ఓనరు లెక్కలు వేస్తాడు. బెజవాడ ఆటోనగర్‌కి పంపితే ఖర్చు. ఏలూరులో ఇస్తే ఆలస్యం. తాడేపల్లిగూడెం మేస్త్రీ ఫోనెత్తడు. ఇంటి వెనక రేకుల షెడ్డుంది, చైన్ బ్లాకుంది, అన్నింటికీ మించి బావమరిది ఉన్నాడు. ఇంజను ఇంటిదగ్గరే చేసేద్దాం!

విప్పడం దివ్యంగా సాగుతుంది. విప్పడంలో మనవాళ్ళకు సాటి లేదు. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవొస్తాయి. బిగించే రోజున మాత్రం టార్క్ రెంచి కనబడదు. హెడ్డు బోల్టులు మధ్యనుంచి అంచులకు, వరస తప్పకుండా, విడతలు విడతలుగా బిగించాలని కంపెనీ పుస్తకం మొత్తుకుంటుంది. షెడ్డులో ఆ పుస్తకం చదివినవాడు లేడు. స్పానరుకి ఇనుప పైపు తొడిగి, బావమరిది పళ్ళు బిగించి లాగుతాడు. ‘చాల్లే’ అని ఎవరైనా అనేదాకా అదే టార్కు.

నిమ్మకాయలు టైర్ల కింద నలిగాయి. కొబ్బరికాయ పగిలింది. సెల్ఫ్ కొట్టారు. ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవట్లేదు.

ఇక కమిటీ కూర్చుంటుంది. ఒక రిటైర్డు డ్రైవరు, చెరువు మీద డీజిలు పంపు తోలే కుర్రాడు, స్పేర్ పార్టుల కొట్టాయన, దారినపోతూ సైకిలు దిగిన మాస్టారు. ఒకాయన సైలెన్సరు వంక చూసి జాతకం చెబుతాడు. ‘‘నాజిల్సు మార్పించెయ్యండి’’ అంటాడు కొట్టాయన. ఆయన దగ్గర నాజిల్సున్నాయి.

నిజానికి ఆ పొగ చాలా స్పష్టంగానే మాట్లాడుతోంది. ఎంత తిప్పినా అసలు పొగే రాకపోతే డీజిలు సిలిండర్లోకి పోవడంలేదు. తెల్లపొగ వస్తూ, డీజిలు వాసనతో కళ్ళు మండిస్తూ, ఇంజను అందుకోకపోతే, డీజిలు పోతోంది, మండటంలేదు. సగం కేసు ఇక్కడే తేలిపోయింది. అంత తొందరగా తేలిపోతే కమిటీకి టీలెవరిస్తారు?

పొగ రాని కేసులో ముద్దాయి సాధారణంగా గాలి. పైపులన్నీ విప్పి బిగించాక లైన్లో ఎయిర్ పట్టెయ్యకపోతే ఆశ్చర్యపోవాలి. పాతతరం నాజిల్ సుమారు 200 బార్ల ఒత్తిడి వస్తే గాని నోరు తెరవదు. మధ్యలో గాలి బుడగుంటే పంపు కొట్టే దెబ్బంతా దాన్ని నొక్కడానికే సరిపోతుంది. ఫిల్టరు మీద బ్లీడింగ్ స్క్రూ వదులుచేసి, హ్యాండ్ ప్రైమరు కొడుతూ పోతే ముందు నురగ, తర్వాత చిటపటమంటూ బుడగలు, ఆఖరికి తెంపులేని డీజిలు ధార. అప్పుడు స్క్రూ బిగించి, నాజిల్ దగ్గర పైపుల నట్లు వదులుచేసి సెల్ఫ్ కొడితే అక్కడి గాలీ పోతుంది. దీనికి కావలసినవి ఒక స్పానరు, ఒక పాత గుడ్డ, కాస్త ఓపిక. ఓపిక తప్ప మిగతావి షెడ్డులో ఉన్నాయి.

తెల్లపొగ కేసు ఇంకా రుచిగా ఉంటుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే, నాజిల్సుకి డీజిలు కొట్టే ఎఫ్ఐపీ పంపు తిరిగేది ఒక్క చుట్టే. అంటే ఒకటో నంబరు పిస్టను పైకి రెండుసార్లొస్తుంది, ఒకసారి గాలి నొక్కడానికి, ఒకసారి పొగ గెంటడానికి. బావమరిది పిస్టను పైకొచ్చింది కదాని రెండోసారి దగ్గర పంపు కూర్చోబెట్టాడు. డీజిలు ఠంచనుగా పడుతోంది, పొగ బయటికి పోయే వేళకి! ట్యాపెట్ కవరు విప్పితే రెండు నిమిషాల్లో తెలిసేది. ఒకటో నంబరు రెండు వాల్వులూ మూసుకుని రాకర్లు వదులుగా ఉండాలి, అదే క్షణంలో ఆరో నంబరు వాల్వులు ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ కదలాలి. కవరు విప్పమని అన్నవాడు లేడు. కాయిలు, బ్యాటరీ, ముహూర్తం మాత్రం చర్చకొచ్చాయి. డీజిలు ఇంజనుకి కాయిలు ఎందుకని మాస్టారు అడిగితే, పాఠాలు చెప్పుకునేవాళ్ళకి బండ్ల సంగతి తెలీదన్నారు.

ఈ ఇంజను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ గారికి 1893లో పేటెంటొచ్చింది. ఆ ఏడే ఆగస్టులో ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో మొదటి పరీక్ష పెడితే ఒత్తిడి కొలిచే పరికరం పేలి ఆయన తృటిలో బయటపడ్డాడు. పద్ధతిగా పనిచేసే ఇంజను చూపించడానికి 1897 దాకా పట్టింది. ఆదివారం సాయంత్రానికి తేల్చేద్దామనుకునే షెడ్డులవాళ్ళు గమనించవలసింది ఆ నాలుగేళ్ళను కాదు. పేలడానికైనా ఆయన దగ్గరొక గేజీ ఉంది. గాలిని పదిహేడో వంతుకి నొక్కితే 500 డిగ్రీలు దాటే వేడి మీదే ఇంజను బతుకంతా నడుస్తుంటే, కంప్రెషన్ గేజీ మనకి కొనదగ్గ వస్తువుగా తోచదు. అయిదు రకాల నాజిల్సు తోస్తాయి.

సరే, బండి స్టార్టయింది. నల్లపొగ గుప్పుమంది. ఈసారి పంపు మీద అనుమానం. పంపుని భీమవరం పంపించి, కాలిబ్రేషన్ చేయించి తెచ్చారు. పొగ తగ్గలేదు. చివరికి ఇన్‌టేక్ మ్యానిఫోల్డులోంచి బయటపడింది బనియన్ వేస్టు. దుమ్ము పోకూడదని కుక్కి, మళ్ళీ తియ్యడం మరిచిన గుడ్డ.

ఇంకో భక్తుడుంటాడు, కొత్త ఇంజనుని పసిబిడ్డలా చూసుకునేవాడు. పొద్దుట్నించి సాయంత్రం దాకా ఐడిలింగ్‌లో నిలబెట్టి మురిసిపోతాడు. రింగులు లైనరుకి సర్దుకోవాలంటే దానిమీద ఓ మోస్తరు లోడు పడాలి. లోడు లేకుండా గంటల తరబడి ఉత్తినే నడిస్తే లైనరు నున్నబడి, ఆయిలు తాగడం ఇంజనుకి అలవాటవుతుంది. నీలంపొగ అప్పుడు మొదలవుతుంది. ‘‘రింగులు డూప్లికేటు’’ అంటుంది కమిటీ.

అన్నింటికీ మించిన వేడుక పరుగు. పంపులో ర్యాకు ఫుల్లులో పట్టేసినా, గీత దాటి పోసిన ఆయిలు గాలిదారిలోకి చేరినా ఇంజను పిచ్చెక్కినట్టు రేజవుతుంది. తాళం తీసినా ఆగదు, దానికి తాళంతో పనిలేదు. గాలిదారికి గట్టి చెక్క అడ్డుపెట్టి మూసెయ్యాలి, చెయ్యి మాత్రం పెట్టకూడదు. ఈ సలహా ఇవ్వవలసిన పెద్దలంతా అప్పటికి ఉప్పుటేరు వంతెన దాటి ఉంటారు.

ఈ కళ ఇంకెన్నాళ్ళో ఉండేట్టు లేదు. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బీఎస్ సిక్స్ లారీల్లో కామన్ రైలు ఒత్తిడి వేయి బార్లు దాటింది, ఇంజనుకి కంప్యూటరొచ్చింది, పొగ శుద్ధికి యూరియా నీళ్ళు కావాలి. పొలానికి తెచ్చిన బస్తాలోంచి నాలుగు దోసిళ్ళు బకెట్లో కలిపితే పనిజరగదు. అది 32.5 శాతం యూరియాతో, శుద్ధిచేసిన నీటితో తయారవ్వాలి. కొత్త బండి మొరాయిస్తే కుర్ర మెకానిక్కు ల్యాప్‌టాప్ తగిలిస్తాడు. రైలు ప్రెషరు తక్కువుందని తెరమీద పడుతుంది. అతను డీజిలు ఫిల్టరు వైపు వంగేలోపే కొట్టాయన అడ్డుపడతాడు.

‘‘ఫిల్టరేంటి బాబూ, అది సెన్సారు. మా కొట్లో ఒక్కటే ఉంది, మళ్ళీ దొరకదు.’’