చెరువు గారికి షోకాజ్ నోటీసు

హైదరాబాద్ దుర్గం చెరువు ఒడ్డు కాలనీల పాత వాదన మళ్లీ చర్చకొచ్చింది. చెరువు అసలు విస్తీర్ణం 65 ఎకరాలేనట, అధికారులు దాన్ని 160 ఎకరాలుగా చూపిస్తున్నారట. అంటే కాలనీ వెళ్లి చెరువులో కూర్చోలేదు, చెరువే వచ్చి కాలనీలో కూర్చుందన్నమాట. ఈ లెక్కన 2024 ఆగస్టులో రెవెన్యూ వాళ్లు చెరువులో కట్టారంటూ 204 ఇళ్లకు ఇచ్చిన నోటీసులు చిరునామా తప్పాయి. అవి అందాల్సింది చెరువుకి.

హైదరాబాద్‌లో ఎవరి ఆస్తి అయినా రెండున్నర రెట్లయిందంటే వెనక ఎవరో ఒక పెద్దమనిషి ఉండి తీరతాడు. చెరువు వెనక ఎవరున్నారో తేల్చాల్సిందే.

కాబట్టి సంక్షేమ సంఘం తక్షణం సర్వసభ్య సమావేశం పెట్టాలి. ఆదివారం పొద్దున, నీళ్ల వైపు అద్దాల గోడ ఉన్న హాల్లో, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో. ఎజెండాలో ఒకటే అంశం. సెక్రటరీ గారు కళ్లజోడు సర్దుకుని నోటీసు చదువుతారు: "చెరువు గారూ! తమరు ప్రతి వానాకాలం సంఘం అనుమతి లేకుండా మా సెల్లార్లలోకి ప్రవేశిస్తున్నారు. గేటు దగ్గర విజిటర్స్ రిజిస్టర్‌లో సంతకం పెట్టడం లేదు. వెళ్తూ వెళ్తూ కార్లలో బురద వదిలిపోతున్నారు. మెయింటెనెన్స్ ఒక్క నెలా కట్టిన పాపాన పోలేదు. మిమ్మల్ని ఎందుకు ఖాళీ చేయించకూడదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోగలరు."

సంజాయిషీకి చెరువు దగ్గర ఏముంది? రిజిస్టర్డ్ సేల్ డీడ్ లేదు. లింకు డాక్యుమెంట్లు లేవు. ఈసీ తీయిస్తే ఒక్క లావాదేవీ కనపడదు. ఎల్ఆర్ఎస్ కట్టలేదు. హుడా అనుమతి ఇళ్లవాళ్ల దగ్గర ఉందంటున్నారు, చెరువు దగ్గరైతే లేదు. ఆస్తిపన్ను రసీదు, కరెంటు బిల్లు, ఆధార్ కార్డు అన్నీ శూన్యం. "ఇక్కడ ఎప్పట్నుంచి ఉంటున్నారు?" అని ట్రెజరర్ గారు గద్దిస్తే, గోల్కొండ కోటకు తాగునీళ్లు పోసిన నాటి నుంచీ అని జవాబు. సాక్షులెవరంటే సుల్తానులట. వాళ్లు విచారణకు హాజరయ్యే స్థితిలో లేరు. 1562 నాటి హుస్సేన్ సాగర్‌ను పిలిపిద్దామని ఒక సభ్యుడు లేచాడు గానీ, ఆ పెద్దమనిషి చుట్టూ ఉన్న కేసులే తెమలడం లేదని మిగతావాళ్లు కూర్చోబెట్టారు.

చెరువు హద్దును సర్వేయరు గొలుసు నిర్ణయించదు, మత్తడి నిర్ణయిస్తుంది. నీళ్లు నిండి మత్తడి దూకే ఎత్తులో చుట్టూ గీత గీస్తే అదే ఎఫ్‌టీఎల్. చెరువు పది హెక్టార్లు, ఆపైన ఉంటే ఆ గీత నుంచి ఇంకో 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది. (మత్తడి ఎత్తు పెంచినా, నీళ్లు పోయే దారి మూసినా నీటి పరపు పెరుగుతుంది, అబద్ధం కాదు. ఆ అభ్యంతరాలు వినమని హైకోర్టు కూడా చెప్పింది. వినాల్సిందే.) సంఘం వారి సిద్ధాంతం మాత్రం వేరు. మే నెలలో నీళ్లు ఎక్కడున్నాయో అంతవరకే చెరువు సొంత ఇల్లు, మిగతాదంతా వానాకాలం వచ్చిపోయే గెస్ట్ రూమ్.

ఆ గెస్ట్ రూమ్‌నే రెవెన్యూ రికార్డుల్లో శిఖం అంటారు. నీళ్లు వెనక్కి తగ్గాక రైతు అందులో పంట వేసుకునేవాడు. చాలాచోట్ల పట్టా కూడా అతని పేరు మీదే ఉండేది. దున్నుకోవచ్చు, విత్తుకోవచ్చు, చెరువు నిండితే మాత్రం నాగలి ఎత్తుకుని గట్టెక్కాలి. తరాల తరబడి ఆ ఒప్పందం నడిచింది, ఎందుకంటే వరిచేను కింద సెల్లార్ ఉండదు. తర్వాత అదే పట్టా చేతులు మారింది. ఎకరాలు గజాలయ్యాయి. గజాలు బ్రోచర్లకెక్కి "లేక్ వ్యూ" అయ్యాయి.

ఇక ఆ వ్యూ సంగతి. లేక్ వ్యూ ఫ్లాటు రేటు వేరు, వెనక వైపు ఫ్లాటు రేటు వేరు. ఆ వ్యూ సరఫరా చేసిన చెరువుకు దక్కిన కమీషన్ ఏమిటయ్యా అంటే చుట్టుపక్కల డ్రైనేజీ. దాన్ని తాగి గుర్రపుడెక్క కడుపారా బలిసింది. 2020 సెప్టెంబరులో చెరువు మీద తీగల వంతెన తెరిచాక వేల మంది దాని మీద నిలబడి సెల్ఫీలు దిగారు. ఫొటోకి వాసన అంటదు కాబట్టి చెరువు అందంగానే పడింది.

సమావేశం ముగిసేసరికి తీర్మానాలు ఏకగ్రీవం. వచ్చే జూన్‌లోగా చెరువు లావు తగ్గి 65 ఎకరాల్లో పట్టాలి, డైట్ చార్టు సంఘమే ఇస్తుంది. మేఘాలు ముందురోజే యాప్‌లో గేట్ పాస్ తీసుకోవాలి. గొలుసుకట్టులో పైనున్న చెరువులు బంధుత్వం పేరు చెప్పి మత్తడి నీళ్లను కిందికి తోలితే వాటిని కూడా సహనిందితులుగా చేర్చాలి. నీళ్లు ఎత్తు నుంచి పల్లానికే పోతాయన్న వాదన బైలాస్‌లో ఎక్కడా లేదని లీగల్ అడ్వైజర్ గారు స్పష్టం చేశారు.

బాగానే ఉంది. 2020 అక్టోబరు 13న మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఘట్‌కేసర్‌లో ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన. గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు తెగి మనుషులను లాక్కుపోయింది. ఆ వారంలోనే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట కూడా తెగింది. టోలిచౌకి నదీం కాలనీలో పడవలు తిరిగాయి. ఫాక్స్ సాగర్ పక్కన ఉమామహేశ్వర కాలనీ ఇళ్లలో వారాల తరబడి నీళ్లు నిలిచాయి. బియ్యం డబ్బా నుంచి పిల్లల సర్టిఫికెట్ల దాకా నానిపోయిన ఇంటికి ప్రభుత్వం వెలకట్టి ఇచ్చింది పదివేల రూపాయలు. ఆ ఇళ్లలో ఎవరూ లేక్ వ్యూకి డబ్బు కట్టలేదు.

2024 సెప్టెంబరు 22, ఆదివారం, కూకట్‌పల్లి నల్లచెరువు. పొద్దున్నే, చెరువుల ఆక్రమణలు తొలగించడానికి పెట్టిన హైడ్రా జేసీబీలు షెడ్ల మీదికి వచ్చాయి. లోపల సామాను ఉంది, కాస్త టైమివ్వండని జనం కాళ్లావేళ్లా పడ్డారు. దుర్గం చెరువు వాళ్లకు నోటీసులో 30 రోజుల గడువు, ఆ తర్వాత లాయర్లు, అభ్యంతరాలు వినే కమిటీ. పద్ధతి అదే, తప్పేమీ లేదు. మరి ఆ పద్ధతి నల్లచెరువు దాకా ఎందుకు నడవలేకపోయింది? శని, ఆదివారాలు చూసుకుని కూల్చడమేమిటని అమీన్‌పూర్ కూల్చివేత కేసులో హైకోర్టే నిలదీయాల్సి వచ్చింది. చెరువులు వేరైనా ఎఫ్‌టీఎల్ నియమం ఒకటే. రేకుల కప్పు అయితే బుల్‌డోజర్, స్లాబు అయితే వాయిదా.

కొన్నప్పుడు తెలియదని ఇళ్లవాళ్లు అంటున్నారు. చాలామంది విషయంలో నిజమే అయ్యుండొచ్చు. సబ్ రిజిస్ట్రార్ స్టాంపు డ్యూటీ తీసుకున్నాడు, బ్యాంకు లోన్ ఇచ్చింది, మున్సిపాలిటీ ఇంటి నంబరు వేసి ఏటా పన్ను వసూలు చేసింది, జలమండలి నల్లా ఇచ్చింది. ఇందరు సరేనన్నాక మామూలు మనిషికి అనుమానం ఎందుకొస్తుంది? కానీ లేఅవుట్ మీద సంతకం పెట్టినవాడికి కూడా తెలియదంటే నమ్మడానికి సిగ్గుండాలి. గ్రామ నక్షా అతని బీరువాలోనే ఉంటుంది. చెరువుల పరిరక్షణ కమిటీ 2010లోనే ఏర్పడింది. అయినా హెచ్ఎండీఏ పరిధిలోని దాదాపు మూడు వేల చెరువుల్లో అత్యధిక భాగానికి, 2024లో హైడ్రా పుట్టేనాటికి, తుది నోటిఫికేషన్ లేదు. పద్నాలుగేళ్లు గీత గీయకుండా కూర్చున్నది చేతగాక కాదు. గీత లేనంత కాలమే గజాలు అమ్ముడుపోతాయి.

2024 ఆగస్టులో చెరువుల్లో అనుమతులిచ్చినందుకు ఆరుగురు అధికారుల మీద కేసు పెట్టారు. ఆరుగురు! ఈ నగరంలో మాయమైన చెరువులన్నీ ఆరు కలాలతోనే మాయమయ్యాయని నమ్మాలట. చెరువుల్లోకి పాకిన ప్రతి లేఅవుట్ ఫైలూ తెరవండి. అనుమతి ఇచ్చిన ప్రతి సంతకాన్నీ పేరు, హోదా, తేదీతో సహా తహసీల్దారు ఆఫీసు గోడ మీద అంటించండి. రిటైరైన వాళ్ల పేర్లు కూడా.