ఎస్సై గారి బుల్లెట్, కలెక్టరు గారి కారు, నా పిచ్చి

బ్యాంకులో పనిచేసినన్నాళ్ళూ పాత బండి మీద లోనడగడానికి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, నచ్చజెప్పి పంపేసేవాణ్ణి. "పాతబడ్డాక బండికి ఖర్చే గాని విలువుండదండీ" అనేవాణ్ణి. అదే నోటితో సాయంత్రం విజయవాడ ఆటోనగర్‌లో తుప్పుపట్టిన యెజ్డీకి బేరమాడేవాణ్ణి. రిటైరయ్యే మాస్టర్లకు, గుమాస్తాలకు డబ్బెక్కడ దాచుకోవాలో సలహాలు చెప్పిన నేను, నా వంతు వచ్చేసరికి అందులో మంచి ముక్క ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టాను. ఇప్పుడా షెడ్డులో ఒక బుల్లెట్, ఒక యెజ్డీ, ఒక చేతక్, ఒక అంబాసిడర్ ఉన్నాయి. కూరగాయలకు మాత్రం మా అమ్మాయి వదిలేసి వెళ్ళిన స్కూటీ మీద వెళ్తాను.

ఇవన్నీ ఎందుకని ఎవరైనా అడిగితే "ఇంజన్లంటే ఇష్టం" అంటాను. కాస్త చదువుకున్నవాళ్ళడిగితే "మన పారిశ్రామిక వారసత్వం" అంటాను. రెండూ అబద్ధాలే.

మా చిన్నప్పుడు మనిషి కనబడకముందే బండిని బట్టి హోదా తెలిసిపోయేది. ఊరి మొదట్లో బుల్లెట్ చప్పుడు వినబడితే రావిచెట్టు కింద పేకలు పంచెల్లోకి పోయేవి, ఎస్సై గారొస్తున్నారని. రాజ్‌దూత్ అయితే పాల కేంద్రం మనిషి, ఎవరూ లేచేవారు కాదు. కాలేజీలో మా ఇంగ్లీషు లెక్చరర్ యెజ్డీ మీద వచ్చేవారు. ఆయన చెప్పిన పాఠం ఒక్కటీ గుర్తు లేదు, వరండా ముందు బండి వంచి స్టాండు వేసే తీరు మాత్రం గుర్తుంది. తెల్ల అంబాసిడర్ వస్తే కలెక్టరో ఎమ్మెల్యేనో, ఊరంతా రోడ్డు మీదే. ఆ మనుషుల దర్జా మీద నాకు అప్పటినుంచీ కన్ను. బండి కొంటే అది కూడా దాంతోపాటు వచ్చేస్తుందనుకున్నాను. నా తెలివితక్కువతనం అసలు ఇంతే, మిగతాదంతా స్పేర్ పార్టుల బిల్లు.

బుల్లెట్‌తో మొదలుపెట్టాను. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర ఉంటాయి. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. స్టార్ట్ చెయ్యడానికి ఓ తతంగముంది. హెడ్‌లైటు నెత్తినుండే ఆంపియర్ మీటరులో ముల్లు మధ్యకొచ్చేదాకా కిక్కును మెల్లగా నొక్కాలి. హ్యాండిల్ మీద డీకంప్రెసర్ మీట పట్టుకుని కిక్కును ఇంకాస్త దించాలి. మీట వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి తన్నాలి. వరస తప్పితే అదే తిరిగి తంతుంది, మడమ మీద. ఎస్సై గారు ఇదంతా జనం చూడకుండా స్టేషను వెనకాల చేసుకునేవారేమో, నాకు తెలిసి ఆయన ఎప్పుడూ కుంటలేదు.

జీవితమంతా కుడికాలితో బ్రేకు వేసిన అలవాటు నాది. బందరు రోడ్డు మీద ఒక అరటిపళ్ళ బండి అడ్డమొచ్చింది. కుడికాలు గట్టిగా నొక్కాను. బ్రేకు పడలేదు, పై గేరు పడింది. రోడ్డు మీద గెలలన్నీ ఏరాక పళ్ళతను నన్నేమీ అనకుండా పక్కవాణ్ణి మెల్లగా అడిగాడు, "పోలీసాయనా?" అని. "కాదులే" అన్నాడు వాడు. అప్పుడు చెప్పాడు రేటు.

యెజ్డీది ఇంకో కథ. మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు 1961 నుంచి జావాలు, 1973 నుంచి యెజ్డీలు చేసి, 1996లో ఫ్యాక్టరీ మూసేశారు. ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు. కిక్కూ గేరూ ఒకటే కడ్డీ. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, మళ్ళీ కిందికి దించితే గేరు. ఆ తెలివికి ముచ్చటపడ్డాను. దీన్నయినా సొంత చేతులతో బాగుచేసుకోవాలని పంతం పట్టాను. "పాయింట్లు మాత్రం ముట్టుకోకండి మేనేజర్ గారూ" అన్నాడు ఆటోనగర్‌లో మా మెకానిక్. ముట్టుకోవద్దన్నాడు కాబట్టే ముట్టుకున్నాను.

పాయింట్లు విచ్చుకున్న క్షణమే ప్లగ్గులో స్పార్కు పడుతుంది, ఆ క్షణాన్ని సరిచెయ్యడమే పని. చూడ్డానికి చిన్నదే. ప్లగ్గు విప్పి, ఆ కంతలోంచి వెర్నియర్ కడ్డీ దించి, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన చోటు పట్టుకోవాలి. అక్కణ్ణించి మూడు మిల్లీమీటర్ల దరిదాపుల్లో వెనక్కి దించి, సరిగ్గా ఆ చోట పాయింట్లు విచ్చుకునేలా ప్లేటు తిప్పి బిగించాలి. విచ్చుకున్నాయో లేదో కంటికి తెలియదు. సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ ఉంటే, పట్టు వదిలిన క్షణమే విచ్చుకున్న క్షణం. పూర్తిగా తెరుచుకున్నప్పుడు మధ్య సందు 0.4 మిల్లీమీటర్లు. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, ఊపిరి బిగబట్టి కాగితం లాగాను. వదిలింది. నా అంత నిపుణుడు లేడనిపించింది. ప్లేటు బిగించేటప్పుడు అది కాస్త పక్కకు జరిగిందని అప్పుడు తెలియలేదు.

కిక్కు కొట్టాను. కాలు సగం దిగేసరికి ఎదురు తన్ని, ఆ ఊపులోనే స్టార్టయింది. చప్పుడు కొంచెం బొంగురుగా ఉందిగానీ స్టార్టయింది కదా అని పొంగిపోయి, మా ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాక మొదటి గేరు వేసి, దర్జాగా క్లచ్చు వదిలాను. బండి వెనక్కి పోయింది. ముందు బ్రేకు అందే లోపలే తులసికోటను గుద్ది ఆగింది.

"ముందుకు పోయేది ఒక్కటైనా కొన్నారా?" అంది మా ఆవిడ.

మెకానిక్ ఫోనులోనే నవ్వాడు. రెండు స్ట్రోకుల ఇంజనుకు వాల్వులుండవు. పిస్టనే కంతలు తెరుస్తూ మూస్తూ పోతుంది, కాబట్టి అది ఎటు తిరిగినా పనిచేస్తుంది. స్పార్కు మరీ ముందు పడితే, పైకొస్తున్న పిస్టన్‌ను మధ్యలోనే వెనక్కి తోసి ఇంజను ఎదురుదిశలో అందుకుంటుంది. "దాని తప్పేం లేదండీ, మీరెటు చెబితే అటు తిరిగింది" అన్నాడు. సాయంత్రమొచ్చి, వెర్నియరూ కాగితమూ ఏవీ అడక్కుండా, చప్పుడు వింటూ ప్లేటును వేలితో రవ్వంత జరిపి బిగించేశాడు. ఆ బండి మీద ఒకసారి పెట్రోలు బంకుకెళ్తే అక్కడి కుర్రాడు "కొత్త మోడలా అంకుల్?" అన్నాడు. 2022లో యెజ్డీ పేరుతో కొత్త బండ్లు మళ్ళీ వచ్చాయి. పాతదని చెబితే నిరుత్సాహపడ్డాడు.

అంబాసిడర్ పూర్తిగా కలెక్టరు గారి కోసం కొన్నదే. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టి, కలకత్తా పక్కన ఉత్తరపారాలో యాభయ్యేళ్ళకు పైగా తయారై 2014లో ఆగిపోయిన కారు. వెనక సీట్లో కూర్చుంటే ఎవరికైనా ఒక జిల్లా అప్పగించినట్టే ఉంటుంది. మే నెలలో ఒక పెళ్ళికి బయల్దేరాం. నడిమధ్యాహ్నం, బెంజి సర్కిల్ దగ్గర, సరిగ్గా ఆ పేరున్న చోటే ఆగిపోయింది. ఎండకూ ఇంజను వేడికీ పంపులోని పెట్రోలు ఆవిరైపోతే కార్బురేటర్‌కు ఏమీ అందదు. పంపు మీద తడిగుడ్డ వేసి చల్లారేదాకా నిలబడ్డమే దీనికి మందు. మా ఆవిడ మంచినీళ్ళ సీసా, నా పెళ్ళి కండువా అక్కడ ఖర్చయ్యాయి. కానిస్టేబుల్ ఒకతను దగ్గరికొస్తుంటే, ఎందుకో చెప్పలేను, సెల్యూట్ కొడతాడనిపించింది. "ఫిట్‌నెస్ ఉందా?" అన్నాడు.

ఉంది. దాని కోసం పడ్డ తిప్పలు నాకు తెలుసు. సొంత కారుకు పదిహేనేళ్ళు దాటితే అయిదేళ్ళకోసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, పైన గ్రీన్ ట్యాక్సు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే రూల్సు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటినవాటికి 20,000 రూపాయలు కడితే 'వీఏ' అక్షరాలతో నంబరిస్తారు, కాకపోతే రోజువారీ పనులకు వాడకూడదు. నా కారుకు ఇంకా అంత వయసు రాలేదు. కొత్తదీ కాదు, వింటేజూ కాదు. ఈ రూలు పేపర్లో చూసి గట్టిగా చదివి వినిపించాను. "యాభై దాటితే రోజూ వాడకూడదా? మరి నాచేత రోజూ వంటెందుకు చేయిస్తున్నారు?" అంది మా ఆవిడ. పేపరు మడిచేశాను.

నడిపితే అరిగిపోతాయని దాచిపెట్టడం మరో తెలివి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాతకాలపు రబ్బరు గొట్టాలకూ పంపులోని డయాఫ్రమ్‌కూ అది పడదు. పైగా ఇథనాల్ తేమను పీలుస్తుంది. నెలల తరబడి ట్యాంకులో నిలవుంటే లోపల తుప్పు లేస్తుంది, ఆ తుప్పు పోయి కార్బురేటర్ జెట్‌లో కూర్చుంటుంది. నేను పదిలంగా దాచినవాటికే ఎక్కువ బిల్లయింది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూసినప్పుడు "ఎంత బాగా దాచారో!" అన్నాను ఆశగా. "వాళ్ళు రాజులండీ" అని ఊరుకుంది మా ఆవిడ.

చేతక్ గురించి ఎక్కువ రాయను. మా నాన్న బడిపంతులు. స్కూటర్‌కు బుక్ చేస్తే ఏళ్ళ తరబడి వంతు రాని రోజులవి. తీరా అలాట్‌మెంట్ కాగితం వచ్చేసరికి అక్క పెళ్ళి కుదిరింది. కాగితాన్ని ఎక్కువ ధరకు వేరేవాళ్ళకిచ్చేసి ఆ డబ్బు పెళ్ళికి వాడారు. ఆయన చివరిదాకా సైకిలే తొక్కారు. నేను చేతక్ కొన్నది ఆయన పోయాక. షెడ్డులో అన్నిటికంటే బుద్ధిమంతురాలు అదే, కాస్త పక్కకు వంచి కిక్కు కొడితే చాలు. ఆయన ఉన్నప్పుడే ఎందుకు కొనలేదంటే, అప్పటికి నా కన్నంతా బుల్లెట్ మీద ఉంది.

అంబాసిడర్ అమ్మకానికి పెట్టాను. కాగితాలు సక్రమంగా ఉన్నాయి, బ్రేకు వీల్ సిలిండర్లు కొత్తవి, పెట్రోలు పంపు ఈ మధ్యే మార్చాను. కావలసినవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. బేరం మాత్రం మా ఆవిడతో మాట్లాడండి, నాతో మాట్లాడితే తెగదు.