ఇక మూడే సీట్లు!

డిగ్రీ ఆఖరు సెమిస్టరు ఫలితములు వెలువడి పట్టుమని పది దినములైనను గాకమునుపే, మదనపల్లె బస్టాండు గోడలమీదను, పుంగనూరు జెరాక్సు దుకాణముల ముంగిటను, కుప్పము రైల్వేస్టేషనునకు పోవు దారిలోని కరెంటు స్తంభములకును ఒక్క రాత్రిలో వెలసిన ఆ ఆన్‌లైన్ పీజీ కోర్సుల ఫ్లెక్సీలను చదువరులు చూచియే యుందురు గావున, వానియందలి నల్లగౌనుల యువతీయువకులు టోపీలను గగనమున కెగురవైచుచున్న వైనమును నేను వర్ణింపబోను. వారి వెనుకనున్న పచ్చికబయలు మాత్రము మిక్కిలి మనోహరముగ నున్నది. ఈ కోర్సున చేరినవారిలో నొక్కరికైనను ఆ పచ్చికపై అడుగుపెట్టు నవసరము కలుగదని ప్రకటనయే గర్వముగా చెప్పుచుండగా, ఆ పచ్చికనే బొమ్మకట్టి చూపుట యెందులకని అడుగువాడు వ్యాపారరహస్యము తెలియనివాడు.

నాకు గిట్టనిది బొమ్మ కాదు. దానిక్రింద ఎఱ్ఱని పెద్ద అక్షరములలో నున్న హెచ్చరిక: ‘త్వరపడండి! ఇక మూడే సీట్లు!’

ఆ మూడు సీట్లు ఎక్కడ నున్నవి? ఆ తరగతికి గోడలు లేవు, బెంచీలు లేవు, పైకప్పు లేదు, ఆలస్యముగ వచ్చినవానిని నిలువబెట్టుటకు గుమ్మమును లేదు. పాఠము ఏనాడో యొక చల్లని గదిలో దీపముల నడుమ చెప్పించి నిలువచేసినది. దానిని ముగ్గురు చూచినను ముప్పదివేలమంది చూచినను అరుగదు, తరుగదు, దాని గొంతు బొంగురుపోదు. చెప్పిన పంతులు ఆ కొలువు మాని వేఱొకచోట చేరిపోయినను, ఆయన పాఠము మాత్రమిచ్చటనే జీతములేక చెప్పుచు నుండును. దేశకాలముల యెల్లలు లేని విద్య యని యొక పుటలో కీర్తించి, మఱుపుటలోనే ఆ అనంతాకాశమున సరిగా ముగ్గురికి మాత్రమే చోటున్నదని చెప్పగల గణితము ఏ విశ్వవిద్యాలయమున బోధింపబడుచున్నదో తెలిసినచో, ఈ వయస్సున నేను దానియందు చేరుటకు సిద్ధముగ నున్నాను. ప్రవేశములకు అనుమతించిన సంఖ్య యేదో కాగితముపై నుండునని న్యాయము తెలిసినవారు చెప్పవచ్చును. ఉన్నచో ఆ సంఖ్యనే వేయవచ్చును గదా, వేయరు.

మఱియు చిత్రమేమనగా, ఆ మూడు సీట్లును మఱునాడును మూడుగనే యున్నవి. వారము గడచినను మూడే. సాయంకాలము నడకకు పోవుచు నేనా ఫ్లెక్సీని చూచుచునే యున్నాను: వానలకు దాని రంగు వెలసినది, ఒక కొస చినిగి గాలికి కొట్టుకొనుచున్నది, మేకలు క్రింది యంచును రుచి చూచినవి, గౌను తొడిగిన పిల్లవాని మొగముమీద ఎవరో జ్యోతిష్కుని కరపత్రము నంటించిరి, సీట్లు మాత్రము చెక్కుచెదరలేదు. ద్రౌపది అక్షయపాత్ర సైతము ఆమె భుజించిన పిమ్మట నాటికి చాలించెడిదని భారతము చెప్పుచున్నది. ఈ పాత్రకు ఆ చాలింపును లేదు. ఇందులో నెవ్వరైనను చేరుచున్నారా యని సందేహము కలుగవచ్చును. చేరుచున్నారు, వందలుగ చేరుచున్నారు. చేరిన ప్రతివాడును ఆ మూడింటిలో నొకటి తనకే దక్కెనని రాత్రి నిశ్చింతగ నిద్రపోవుచున్నాడు.

సీట్లకు తోడు గడువు. ‘ఈ రాత్రి పన్నెండు గంటలలోపు ఫీజు కట్టినవారికి స్కాలర్‌షిప్పు.’ పూర్వము విద్యార్థి మార్కులను చూచి ఇచ్చెడి దానిని ఇప్పుడు గడియారమును చూచి ఇచ్చుచున్నారు. పదకొండుముక్కాలునకు ప్రతిభావంతుడై యున్నవాడు పన్నెండుంబావునకు మందబుద్ధి యగునా యని మనము కలతపడనక్కఱలేదు. తెల్లవారి తొమ్మిదిన్నరకే ఫోను మ్రోగును, ‘మీ కోసం మేనేజరుగారితో స్పెషల్‌గా మాట్లాడి ఇంకో రోజు పెంచాం’ అని శుభవార్త వినబడును. ఆ మేనేజరుగారి కరుణ ప్రతిదినము సూర్యోదయముతో పాటు పుట్టుచున్నది.

ఈ సంగతు లెల్ల నాకెట్లు తెలిసినవందురా? నాకును ఫోను వచ్చినది గనుక.

‘సార్, మీరు పీజీ కోసం ఎంక్వయిరీ చేశారు కదా?’

‘చేయలేదు నాయనా.’

‘పర్వాలేదు సార్. మీ డిగ్రీ ఏ సంవత్సరం పాసవుట్?’

చెప్పితిని. ఆ సంవత్సరమునకు అతని తండ్రి పలక పట్టియుండడు. అవతల రెండు క్షణములు మాట లేదు.

‘సూపర్ సార్! ఏజ్ లిమిట్ లేదు. మీ ప్రొఫైల్‌కి ఎంబీఏ బాగా సెట్ అవుతుంది.’

నా ప్రొఫైలున పింఛను, రక్తపోటు, రెండు మోకాళ్ళ నొప్పులు తప్ప వేఱేమియు లేదని విన్నవించితిని.

‘అయితే హాస్పిటల్ మేనేజ్‌మెంట్ తీసుకోండి సార్. ఇంకా మూడు సీట్లున్నాయి.’

కోపము వచ్చి, ఏ ఊరివాడవని యడిగితిని. పీలేరు! మనవాడే. బి.కాం. చదివి, తాను పీజీ చేయుటకు తాహతు చాలక, బెంగుళూరున నలుగురితో కలిసి యొక గది యద్దెకు తీసుకొని, దినమునకిన్ని ఫోనులు, నెలకిన్ని ‘అడ్మిషన్లు’ అను లెక్కకు కట్టువడి, తాను పొందలేని చదువును నాకమ్ముచున్నాడు. వానిపై కోపము నిలువలేదు. వానిచేత ఈ పని చేయించువారిపై మాత్రము ఇప్పటికిని చల్లారలేదు.

తక్కిన వింతలను గూర్చి యొక్కొక్క మాట చాలును. పది దినములలో ఎంబీఏ యనువారు కూడ బయలుదేరగా, పట్టాలనిచ్చు నధికారము మీకెవ్వరిచ్చిరని 2024లో యూజీసీయే కసరవలసి వచ్చినది. 2022నుండి రెండు డిగ్రీల నొకే కాలమున చదువవచ్చు నన్నారు గనుక, ఒకటి కుడిచెవిలోను ఒకటి యెడమచెవిలోను వినువారిని త్వరలో చూడగలము. మనస్తత్వశాస్త్రమును ఆన్‌లైనున చెప్పరాదని 2025 జూలై-ఆగస్టు ప్రవేశములనుండి నిషేధించిరి. లేకున్న నా ఫోను సంభాషణనే ఎవరో ప్రాజెక్టుగ వ్రాసియుందురు. ఇంటినుండి వ్రాయు పరీక్షలో గది నలుమూలలను కెమెరాకు త్రిప్పి చూపవలయునట. మన యిండ్లలో గదికి నాలుగు మూలలున్న నాలుగింటను మనుష్యులుందురని ఆ నిబంధన వ్రాసినవారికి తెలియదు కాబోలు.

ఆన్‌లైన్ పట్టా తరగతి పట్టాతో సమానమని 2022లోనే యూజీసీ ప్రకటించినది. కాగితము కాగితముతో సమానమే, కాదనను. ఇంటర్వ్యూలో బల్ల కవతలివాడు ‘రెగ్యులరా, ఆన్‌లైనా?’ యని యడుగునప్పుడు ఆ ప్రకటనను జేబులోనుండి తీసి చూపినచో ఏమగునో ప్రయోగము చేసినవారెవ్వరైన నాకు తెలుపుదురు గాక.

దూరవిద్యతో నాకు వైరము లేదు. ఈ దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయమును 1982లో హైదరాబాదున నెలకొల్పినది తెలుగువారే. ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరిటి జాతీయ విశ్వవిద్యాలయము 1985లో గాని పుట్టలేదు. కండక్టర్లు, ఎలిమెంటరీ పంతుళ్ళు, బిడ్డల తల్లులైన స్త్రీలు ఆ పాఠ్యపుస్తకములను రాత్రులు చదివి, సెలవుదినపు తరగతులకు టిఫిను గిన్నెలతో వచ్చి పట్టభద్రులైరి. వారి నెవ్వరును ఫోనున బ్రతిమాలలేదు. అమెరికాలో జార్జియా టెక్ 2014లో కంప్యూటరు శాస్త్రమున ఆన్‌లైన్ మాస్టర్సును ప్రారంభించినపుడు, కోర్సంతకును దాదాపు ఏడువేల డాలర్లే యని, అనగా ప్రాంగణమున చదువుటకగు వ్యయములో నొక చిన్నభాగమే యని చెప్పి లోకమును ఆశ్చర్యపఱచినది. మనవారు అక్కడినుండి ఆన్‌లైనును దిగుమతి చేసికొనిరి గాని ఆ యూహను ఓడరేవులోనే వదలివచ్చిరి. ప్రభుత్వ విశ్వవిద్యాలయమున పంతులు నెదుట కూర్చుండి చదువు ఎం.ఏ. ఫీజు నొకప్రక్కను, ఇంటిలో చాపపై కూర్చుండి చదువు ఈ ఎంబీఏ ఫీజు నొకప్రక్కను వ్రాసికొని చూడుడు.

ఇంతవరకు నవ్వితిని. ఇక నవ్వు రాదు. ‘సరియైన ఆన్‌లైన్ పీజీని ఎంచుకోవడం ఎలా?’ అని కల్యాణమండపములలో ఉచిత సదస్సులు పెట్టుచున్నారే, ఎంచుకొనుట యని యెవరినడిగి పేరుపెట్టిరి? పొట్టియావును చూచుటకు ఎక్కడెక్కడినుండియో కార్లు వచ్చుచున్న పుంగనూరున, బి.ఎస్సీ. ముగించిన పిల్ల తాను కోరిన శాస్త్రమున ఎం.ఎస్సీ. చదువవలెనన్న తిరుపతికో బెంగుళూరునకో పోవలసినదే. ప్రైవేటు కళాశాలలో చేరుదమన్న, పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంటు అక్కడ లేదని 2020లో 77వ నెంబరు జీవో తలుపు మూసినది. ఆ జీవోను రద్దుచేయుదుమని పాదయాత్రలలోను సభలలోను ఎన్ని గొంతులు పలికెనో అందఱు విన్నదే. ప్రభుత్వ విశ్వవిద్యాలయమున చేరుదమన్న అధ్యాపకుల పదవులు ఏండ్ల తరబడి ఖాళీ. ఒప్పంద అధ్యాపకుడు తన జీతమెప్పుడు వచ్చునో యను చింతతో పాఠము చెప్పుచుండును. మూడు తలుపులను మూసి, నాలుగవ ప్రక్క నొక కిటికీ తెఱచి, అందుండి దూకువానిని చూచి ‘ఎంత చక్కగా ఎంచుకొన్నావు!’ అని భుజము తట్టుట దగా.

ఆడపిల్లల సంగతి మఱియు ఘోరము. ‘అమ్మాయిలకైతే ఇంకా బెస్ట్ సార్, ఇంట్లోనే ఉండొచ్చు’ అని ఆ ఫోనువారు పలుకు పలుకులో తండ్రుల చెవికింపైన దేదో వారికి బాగుగ తెలియును. మూడేండ్లు బస్సెక్కి కాలేజీకి పోయి, లోకము నింత చూచి, నలుగురిలో మాటలాడ నేర్చిన పిల్లను మఱల వంటయింటి గడపకు కట్టివేసి, దానికి మాస్టర్స్ డిగ్రీ యని పేరు పెట్టుచున్నారు. ఆమెకు కావలసినది వీడియో గాదు. హాస్టలు గది, గ్రంథాలయము, తనతో వాదించు తోడివిద్యార్థులు, తప్పుచెప్పిన నిలదీయు పంతులు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లెకు వచ్చి, అనీబిసెంటు 1915లో స్థాపించిన కళాశాలలో బసచేసి జనగణమనను ఆంగ్లమున తర్జుమా చేసెననియు, ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరలిపి కూర్చెననియు ఈ యూరి ప్రతిసభలోను చెప్పుకొని మురియుచుందుము. చిన్ననాట బడిగోడలు గిట్టక తప్పించుకొని తిరిగిన ఆ మహాకవి సైతము పాట వినిపించుటకు నలుగురి నడుమకే వచ్చెను. 1895లో ఇచ్చటనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఏ విశ్వవిద్యాలయపు పట్టాయు లేకయే లోకమంతయు తిరిగి ప్రసంగించెను. ఆయన ప్రసంగములును రికార్డై యున్నవి, ఉచితముగ వినవచ్చును. విన్నందుకు సర్టిఫికెట్టు రాదు గనుక ఏ కౌన్సెలరును వానిని సిఫారసు చేయడు.

కుప్పముది వేఱు కథ. 1997లో ద్రావిడ భాషల పేరిట వెలసిన విశ్వవిద్యాలయము అక్కడ శ్రీనివాసవనమున వందల యెకరములలో నున్నది. అది యుండగనే దాని గేటు ముందుగ పోవు పిల్లవాడు ఎక్కడో ఉత్తరదేశపు ప్రైవేటు విశ్వవిద్యాలయమున ఫోనుద్వారా చేరుచున్నాడు. తప్పంతయు పిల్లవానిదని యనలేము. ఆ విశ్వవిద్యాలయమే యొకకాలమున దూరవిద్యలో పిహెచ్.డి. ప్రవేశముల నిచ్చి, 2009 నాటి యూజీసీ నిబంధనలు ఆ దారిని మూసిన పిమ్మట రచ్చకెక్కినది. దగ్గఱనున్నది దూరవిద్యను నమ్ముకొనగా, దూరముననున్నది మన యింటిలోనికి వచ్చి కూర్చున్నది.

మొన్న నీరుగట్టువారిపల్లెలో మాకు తెలిసిన నేతగాని యింట నీ తతంగము కన్నులార చూచితిని. పెద్దపిల్ల డిగ్రీ ముగించినది. ఫోను స్పీకరున పెట్టి, నన్నుకూడ వినుమని పిలిచిరి. అవతలివాడు వడ్డీలేని ఈఎంఐ యనెను, నెలకింత యనెను, తండ్రి ఆధార్, పాన్ కార్డులు చాలు ననెను. ఆ వాయిదాలు విశ్వవిద్యాలయమునకు కట్టునవి కావనియు, ఏదో ఫైనాన్సు కంపెనీ తండ్రి పేర అప్పువ్రాసి ఫీజంతయు ముందే వారికి చెల్లించివేయుననియు నడిగిన పిమ్మటగాని అతడు చెప్పలేదు. నేతగాడు మగ్గముమీదనుండి లేవకయే విని, నింపాదిగ నడిగెను:

‘అట్లయితే సామీ, మా యమ్మి నడాన చదువు నిలిపేస్తే కంతులు గూడా నిలిచిపోతాయా?’

అవతల కొంతసేపు కాగితములు త్రిప్పిన చప్పుడు వినబడినది.

‘అది మా డిపార్ట్‌మెంట్ కాదు సార్. ఫైనాన్స్ టీమ్ వాళ్ళు మీకు సెపరేట్‌గా కాల్ చేస్తారు. ముందు మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది చూడండి, అది చెప్పండి.’