ఓరుగంటి మిరపకాయ

నేటి చారిత్రక ప్రణయనవలలను వరుసగా చదివిన పాఠకునకు తొలుత కలుగు జ్ఞానమేమనగా, కాకతీయ సామ్రాజ్యము 1323లో ఢిల్లీ సేనలవలన కూలెనని మనమింతకాలము పొరపాటున నమ్ముచుంటిమే గాని, యథార్థముగా నది నాయకుని కనుబొమ్మ ముడివడుటచేతను, నాయికకు నిద్రపట్టకపోవుటచేతను కూలినదనియే. యుద్ధమునకు పేరా యొకటి. నాయకుని భుజస్కంధములకు అధ్యాయములు మూడు.

పోనిండు, ప్రణయము సర్వకాలీనము. వంటయిల్లు కాదు గదా! రుద్రమదేవి కొలువులోని వీరభటుడు పచ్చిమిరపకాయ నంజుకొనుచుండగా చెలికత్తెచేత టమాటాపులుసు వడ్డింపజేయు రచయిత, ఆ రాణి మరణమును తెలుపు చందుపట్ల శాసనము 1289 నాటిదనియు, వాస్కోడగామా కల్లికోట చేరినది 1498లో ననియు, ఈ రెండు సరకులును అటుపిమ్మటనే పాశ్చాత్యుల యోడల వెంట వచ్చినవనియు ఎరుగడు. ఎరుగనక్కరయు లేదు కాబోలు. క్రీడాభిరామమును ఒక్కమారు తిరుగవేసినచో, ఓరుగంటి పూటకూటింట ఒక్క రూకకే కర్పూరభోగి యన్నము, గోధుమపిండివంట, పంచదార, పప్పు, నెయ్యి, గడ్డపెరుగు విస్తరినిండ సిద్ధముగా నున్నవి. అయినను గ్రంథాలయము మెట్లెక్కుటకంటె మిరపకాయను రెండువందల యేండ్లు వెనుకకు పంపుట సులభము. అంతటితో నాగక అట్టమీద ‘సమగ్ర పరిశోధనాఫలము’ అని బంగారు టక్షరములు!

మలికూర్పున గోన గన్నారెడ్డి వేకువజామున కాఫీ సేవించునని వినికిడి. చక్కెర కొంచెము తక్కువగానట.