సింపుల్‌గా... ఆర్భాటంగా!

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో మనవాళ్ల పిల్లల పుట్టినరోజు ఈమధ్య మహా సింపుల్ అయిపోయింది. హాలు వద్దు, డీజే వద్దు. స్నేహితులంతా కలిసి నిమ్మకాయ పులిహోర, సేమ్యా పాయసం వండుకుంటే చాలట! వినడానికి ఎంత బాగుందో.

ఈ సింపుల్‌కి ముందుగా ఓ వాట్సాప్ గ్రూపు. తర్వాత పేర్లు కుట్టించిన ఏప్రన్లు, షెఫ్ టోపీలు, వెనకాల అరటాకుల బ్యాక్‌డ్రాప్, ఓ ఫొటోగ్రాఫరు. కత్తి పిల్లలు పట్టకూడదు, పొయ్యి దగ్గరికి రాకూడదు. అంచేత నిమ్మకాయలు పిండింది నాన్న, పోపు పెట్టింది అమ్మ. ఆవాలు చిటపటమనేసరికి పొగ అలారం కూడా పార్టీలో కలిసింది. పిల్లల వాటా కొత్తిమీర చల్లడం... అదీ రీల్ సరిగ్గా రాలేదని మళ్లీ మళ్లీ.

ఇక పాల సంగతికొస్తే, 1930లో ఒకేసారి 50 ఆవుల పాలు పితికే గుండ్రటి యంత్రం, రోటోలాక్టర్, తిరిగింది ఈ ఊళ్లోని వాకర్-గోర్డన్ డెయిరీలోనే. ఇప్పుడిక్కడ పాయసంలోకి ఓట్ పాలు!

ఇంతకీ పిల్లలు తిన్నదేమిటంటారా? ఎందుకైనా మంచిదని ముందే ఆర్డరిచ్చిన పిజ్జా. పులిహోర మాత్రం డబ్బాల్లోకెక్కి, పిల్లల్ని తీసుకెళ్లడానికొచ్చిన తల్లిదండ్రులకు రిటర్న్ గిఫ్టయింది.